అభయం ఇచ్చినవారి బాకీ

1997 సెప్టెంబరులో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో, వాషింగ్టన్‌కు కూతవేటు దూరంలో ఉన్న సిల్వర్ స్ప్రింగ్ ప్రాంతంలో, ఖాళీగా పడి ఉన్న ఒక ఇంటి గ్యారేజీలో 19 ఏళ్ల యువకుడి శవం దొరికింది. చంపినవాళ్లు శవాన్ని ముక్కలు చేశారు, కాల్చారు. అనుమానితులు ఇద్దరు. అందులో ఒకడు శామ్యూల్ షైన్‌బైన్, 17 ఏళ్ల హైస్కూలు విద్యార్థి. పోలీసులు అతని కోసం వెతికేలోపే ఇజ్రాయెల్ చేరుకున్నాడు. ఆ దేశంలో అతను ఏనాడూ నివసించలేదు. అయితే అతని తండ్రి 1944లో, పాలస్తీనా బ్రిటిష్ ఏలుబడిలో ఉన్నప్పుడు, అక్కడ పుట్టారు. తండ్రి నుంచి తనకూ ఇజ్రాయెల్ పౌరసత్వం వచ్చిందనీ, పౌరుణ్ని పరాయి దేశం చేతికి ఇవ్వకూడదనీ షైన్‌బైన్ తరఫు వాదన.

ఆ వాదనకు అప్పటి చట్టం అండ ఉంది. మెనాకెం బెగిన్ ప్రధానిగా ఉండగా 1978లో ఇజ్రాయెల్ చేసిన చట్టం ప్రకారం, పౌరుడు బయటి దేశంలో నేరం చేసినా సరే, అతన్ని అక్కడికి పంపేవారు కాదు. స్వదేశంలోనే విచారించేవారు. ఆ దేశంతో నిజమైన బంధం లేనివాడికి ఈ రక్షణ చెల్లదని 1998లో జెరూసలేం జిల్లా కోర్టు తేల్చింది. 1999 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు చట్టంలో ఉన్న మాటకే కట్టుబడ్డారు. ప్రధాన న్యాయమూర్తి అహరాన్ బరాక్ మైనారిటీలో మిగిలిపోయారు. పౌరుడంటే పౌరుడే అన్నది మెజారిటీ మాట. ఆ రక్షణ ఎవరి కోసం పుట్టిందో చూడాలన్నది బరాక్ మాట.

తెలుగువాళ్లకు ఈ తగాదా కొత్తది కాదు. చిలకమర్తి లక్ష్మీనరసింహం రాసిన ‘గయోపాఖ్యానం’ నాటకం ఊరూరా ఆడింది. 1963లో కె.వి. రెడ్డి ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’గా అదే కథను వెండితెర మీదికి తెచ్చారు. ఆకాశంలో విమానం మీద పోతున్న గయుడు తాంబూలం ఉమ్ముతాడు. అది కింద అర్ఘ్యం ఇస్తున్న కృష్ణుడి దోసిట్లో పడుతుంది. వాణ్ని చంపితీరుతానని కృష్ణుడు ప్రతిజ్ఞ చేస్తాడు. గయుడు వచ్చి అర్జునుడి కాళ్ల మీద పడతాడు. తనను చంపబోయేది ఎవరో చెప్పకముందే అభయం సంపాదిస్తాడు. పేరు బయటపడ్డాక అర్జునుడు వెనక్కి తగ్గలేడు. బావ మీదే విల్లు ఎక్కుపెట్టాల్సి వస్తుంది.

పౌరసత్వం కూడా సరిగ్గా ఇలాంటి అభయమే. నేరానికి ముందే, చాలాసార్లు పుట్టిన రోజునే, అవతలి పక్షం ఎవరో తెలియకుండా ఇచ్చేసిన మాట అది. ఆ మాట మీద నిలబడే దేశాలు చాలా ఉన్నాయి. జర్మనీ 1949 రాజ్యాంగంలోని 16వ అధికరణం ఏ జర్మన్‌నూ విదేశానికి అప్పగించరాదంది. 2000 సంవత్సరంలో యూరోపియన్ యూనియన్ దేశాలకూ అంతర్జాతీయ న్యాయస్థానాలకూ మాత్రం అందులో సడలింపు ఇచ్చారు. బ్రెజిల్ రాజ్యాంగం పుట్టుకతో బ్రెజిల్ పౌరులైనవాళ్లను పంపనివ్వదు. ఫ్రాన్స్‌దీ, లెబనాన్‌దీ అదే దారి. మాట ఇచ్చాక తప్పకూడదన్న పట్టుదల గౌరవించదగినదే. దాని ఖరీదు ఎవరు కడుతున్నారన్నది మాత్రం ప్రతిసారీ అడిగి తీరవలసిన ప్రశ్న.

ముందుగా ఇలాంటి చట్టాల వెనక ఉన్న భయానికి ఇవ్వాల్సిన మర్యాద ఇవ్వాలి. 1894లో ఫ్రాన్స్ సైనికాధికారి ఆల్ఫ్రెడ్ డ్రెఫస్‌ను, చేయని గూఢచర్యానికి, యూదుడన్న ద్వేషం ఊపిరిగా శిక్షించారు. 1911లో కీవ్ నగరంలో మెండెల్ బెయిలిస్ అనే ఇటుకల ఫ్యాక్టరీ ఉద్యోగిని ఒక పిల్లవాడి హత్య కేసులో ఇరికించారు. యూదులు తమ ఆచారం కోసం క్రైస్తవ పిల్లల రక్తం తీస్తారన్న పాత అబద్ధాన్ని కోర్టుకే ఎక్కించారు. రెండేళ్లు జైల్లో మగ్గాక 1913లో అతను నిర్దోషిగా బయటపడ్డాడు. పరాయి కోర్టు మెట్లెక్కిన ప్రతిసారీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న జాతికి సొంత రాజ్యం వచ్చాక, మనవాణ్ని మళ్లీ వాళ్ల చేతికి ఇవ్వం అనిపించడంలో వింత లేదు.

ఇదే ప్రశ్న మీద యూదుల ధర్మశాస్త్ర సంప్రదాయం శతాబ్దాల పాటు తర్జనభర్జన పడింది. శత్రువులు ఊరిని చుట్టుముట్టి, మీలో ఒకణ్ని ఇవ్వండి, లేకపోతే అందరినీ చంపుతామంటే ఏం చేయాలి? అందరూ చావడానికి సిద్ధపడాలే తప్ప, ఒకణ్ని ఏరి ఇవ్వకూడదన్నారు ప్రాచీన రబ్బీలు. శత్రువు ఫలానా వాడు కావాలని పేరు పెట్టి అడిగితే ఇవ్వవచ్చన్నారు. అందుకు ఆధారం బైబిల్‌లోని షెబ కథ. దావీదు మీద తిరగబడ్డ షెబ ఒక కోట పట్టణంలో దూరాడు. సేనాని యోవాబు పట్టణాన్ని ముట్టడించాడు. అప్పుడు ఆ ఊరి వివేకవతి ఒకామె గోడ మీద నిలబడి యోవాబుతో బేరం కుదుర్చుకుంది. షెబ తల గోడ మీదుగా బయటపడింది, పట్టణం బతికింది. అయినా రబ్బీలకు ఏకాభిప్రాయం కుదరలేదు. పేరు పెట్టి అడగడమొక్కటే చాలదు, షెబలాగా అతను నిజంగా మరణశిక్షకు తగినవాడై ఉండాలన్నాడు రేష్ లాకిష్. అక్కర్లేదన్నాడు రబ్బీ యోహనాన్.

యూదుల ధర్మచర్చల సంకలనమైన జెరూసలేం తాల్ముద్ ఆ చర్చను అక్కడ వదలకుండా ఒక కథ చెబుతుంది. రోమన్ ప్రభుత్వం వెతుకుతున్న ఉల్లా బర్ కోషెవ్ అనేవాడు లోద్ పట్టణానికి పారిపోయి, రబ్బీ యెహోషువా బెన్ లేవీ దగ్గర తలదాచుకున్నాడు. రోమన్లు వచ్చి పట్టణాన్ని చుట్టుముట్టారు. అతన్ని ఇవ్వకుంటే ఊరిని నాశనం చేస్తామన్నారు. రబ్బీ ఉల్లా దగ్గరికి వెళ్లి, నచ్చజెప్పి, అతన్ని వాళ్లకు అప్పగించాడు. శాస్త్రం ప్రకారం తప్పేమీ లేదు. పేరు పెట్టే అడిగారు, ఊరంతా ప్రమాదంలో ఉంది. కానీ అంతకు ముందు ఆ రబ్బీకి తరచూ దర్శనమిచ్చే ఏలీయా ప్రవక్త ఆ తర్వాత రావడం మానేశాడు. రబ్బీ ఉపవాసాల మీద ఉపవాసాలు చేశాడు. చివరికి ఏలీయా కనిపించి, మనుషుల్ని పట్టి ఇచ్చేవాళ్లకు తాను కనబడాలా అని నిలదీశాడు. శాస్త్రంలో ఉన్నట్టే చేశాను గదా అన్నాడు రబ్బీ. ఆ శాస్త్రం భక్తులు పట్టుకోవలసినదేనా అని ఏలీయా ఎదురు ప్రశ్న వేశాడు.

ఈ కథ అప్పగింతను నిషేధించలేదు. లోద్ పట్టణం బతికింది, రబ్బీకి శాపం తగల్లేదు. అప్పగించడం ధర్మమే అయిన చోట కూడా, తేలిగ్గా చేతులు దులుపుకునే పని కాదని మాత్రం చెప్పింది. ఒక మనిషిని సరిహద్దు దాటించి పంపే ఉత్తర్వు మీద సంతకం పెట్టే ప్రతి మంత్రీ, ప్రతి జడ్జీ తెలుసుకోవలసిన కథ ఇది.

అయితే ఆ గ్రంథాల్లోనే రెండో వైపు కూడా అంతే గట్టిగా ఉంది. సంఖ్యాకాండము ఆరు ఆశ్రయ పురాలను ఏర్పరిచింది. యొర్దాను నదికి ఈ వైపు మూడు, ఆ వైపు మూడు. పిడి నుంచి గొడ్డలి ఊడి తోటివాడికి తగిలి, చంపాలనుకోకుండా చంపినవాడు అక్కడికి పరుగెత్తవచ్చు. చచ్చినవాడి బంధువు లోపలికి వచ్చి పగ తీర్చుకోకూడదు. ఆ పురాలకు పోయే దారిలో కూడళ్ల దగ్గర ఆశ్రయం ఎటో చూపే గుర్తులు పెట్టేవారని తాల్ముద్ అంటుంది. లోపల చేరినవాడు ప్రధాన యాజకుడు చనిపోయేదాకా ఊరు దాటకూడదు. అందుకే తన కొడుకు త్వరగా చావాలని వాళ్లు మొక్కుకోకుండా, ప్రధాన యాజకుడి తల్లి వాళ్లకు అన్నవస్త్రాలు పంపేదట. ఆశ్రయం ఉట్టినే దొరకలేదు. అది ఇల్లు విడిచిన ప్రవాసం, ఒక రకం శిక్ష. ఇక కావాలని చంపినవాడి సంగతికి వస్తే, ద్వితీయోపదేశకాండము సందేహానికి చోటివ్వలేదు. అతని సొంత ఊరి పెద్దలే మనుషుల్ని పంపి, ఆశ్రయ పురం నుంచి రప్పించి, అప్పగించాలంది. బలిపీఠాన్ని పట్టుకున్నా సరే, అక్కణ్నించి లాక్కురమ్మంది నిర్గమకాండము.

సొంత ఊరి పెద్దలే అన్న ఆ మాట దగ్గర ఆగాలి. మనవాడు కాబట్టి ఇవ్వం అని ఈనాటి రాజ్యాంగాలు అంటున్నాయి. మనవాడు కాబట్టి మనమే తెచ్చి నిలబెట్టాలి అంది ఆ పాత చట్టం.

మన పురాణాల్లో శరణు గురించి అందరికీ తెలిసిన కథ శిబిది. డేగ తరుముతుంటే పావురం వచ్చి శిబి ఒళ్లో వాలింది. చిన్నప్పటి నుంచి వింటున్న కథే అయినా, డేగ వాదన అంతగా గుర్తుండదు. ఆ పావురం నాకు విధి ఇచ్చిన ఆహారం, నువ్వు దాన్ని కాపాడితే నేనూ నా పిల్లలూ ఆకలితో చస్తాం, ఒకరికి ధర్మం చేస్తూ ఇంకొకరికి అన్యాయం చేస్తావా అని డేగ అడుగుతుంది. శిబి ఆ ప్రశ్నను తోసిపుచ్చలేదు. న్యాయమే అన్నాడు. పావురానికి సమానమైన మాంసం తన తొడ నుంచి కోసి ఇచ్చాడు. తూకం సరిపోక చివరికి తానే తక్కెడలోకి ఎక్కాడు. అభయం ఇచ్చినవాడు బాకీ తన ఒంటి నుంచి తీర్చాడు. గయుడి కథలోనూ అంతే. అర్జునుడు గయుణ్ని దాచి ఇంట్లో కూర్చోలేదు. తానే యుద్ధానికి నిలబడ్డాడు.

దేశాల విషయంలో తక్కెడలోకి ఎక్కడమంటే ఏమిటి? 1625లో డచ్ న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్ ఇచ్చిన జవాబు ఇప్పటికీ చెల్లుతోంది. అప్పగించు, లేదా నువ్వే శిక్షించు. 1970లో హేగ్‌లో విమానాల హైజాకింగ్ మీద కుదిరిన ఒప్పందం మొదలు చాలా అంతర్జాతీయ ఒప్పందాల్లో ఇది చేరింది. శిక్షించు అన్న చోట విచారించు అని మార్చారు. భారత అప్పగింత చట్టంలోని 34ఎ సెక్షనూ అదే చెబుతుంది. అప్పగించలేని పరిస్థితిలో ఆ నేరానికి ఇక్కడే కేసు నడపవచ్చు.

ఇజ్రాయెల్ ఆ రెండో దారి పట్టింది. షైన్‌బైన్‌ను టెల్ అవీవ్ కోర్టులో నిలబెట్టింది. కానీ హత్య జరిగిన చోటికి అయిదారు వేల మైళ్ల దూరంలో, వేరే భాషలో నడిచే విచారణ ఎలా ఉంటుందో ఆలోచించాలి. సాక్షులు అక్కడ, ఆధారాలు అక్కడ, శవం దొరికిన గ్యారేజీ అక్కడ. కొడుకును పోగొట్టుకున్న కుటుంబం తమకు రాని హీబ్రూ నడిచే చోట కూర్చుని, దుబాసీ నోటి వెంట న్యాయం వినాలి. అసలు పూర్తి విచారణే జరగలేదు. ప్రాసిక్యూషన్‌తో కుదిరిన ఒప్పందం మీద షైన్‌బైన్ నేరం ఒప్పుకున్నాడు. 1999 అక్టోబరులో 24 ఏళ్ల జైలు శిక్ష పడింది. మేరీల్యాండ్‌లో అయితే యావజ్జీవం పడే కేసు. అతనితో పాటు నిందితుడైన రెండోవాడు విచారణ మొదలయ్యేలోపే అమెరికా జైల్లో ఆత్మహత్య చేసుకున్నాడు. 2014 ఫిబ్రవరిలో షైన్‌బైన్ ఇజ్రాయెల్ జైల్లో ఎలాగో తుపాకీ సంపాదించి గార్డుల మీద కాల్పులు జరిపాడు. ఎదురుకాల్పుల్లో చనిపోయాడు. ఇక్కడ పావురానికి ఇచ్చిన అభయం ఖరీదులో పెద్ద భాగం డేగ వైపు వాళ్లే కట్టారు. పైగా వాళ్లు వేటగాళ్లు కారు, బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు.

శరణు విషయంలో మన ఇతిహాసాలు చెప్పే మరో సంగతి ఈనాటి రాజ్యాంగాల్లో తలకిందులైంది. సముద్రం ఒడ్డున రాముడి దగ్గరికి వచ్చిన విభీషణుడు సొంతవాడు కాడు. శత్రువు తమ్ముడు. సుగ్రీవుడు వద్దన్నాడు, నమ్మకూడదన్నాడు. రావణుడే వచ్చి శరణన్నా కాదననన్నాడు రాముడు. శిబి దగ్గరికి వచ్చిన పావురం శిబి రాజ్యపు ప్రజ కాదు. గయుడు గంధర్వుడు, పాండవుల వంశంవాడు కాడు. శరణు అడిగినవాడి కులగోత్రాలు చూడకపోవడమే ఆ ధర్మానికి ఆయువుపట్టు. ఈనాటి చట్టం మాత్రం పాస్‌పోర్టు చూసి సొంతవాణ్ని ఉంచుకుంటుంది, పరాయివాణ్ని పంపిస్తుంది.

ఆ పాత ధర్మానికి దగ్గరగా వచ్చిన తీర్పు ఒకటి 1989లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం ఇచ్చింది. యెన్స్ జూరింగ్ జర్మన్ పౌరుడు. అమెరికాలోని వర్జీనియాలో తన స్నేహితురాలి తల్లిదండ్రుల హత్య కేసులో నిందితుడై, ఇంగ్లండ్‌లో పట్టుబడ్డాడు. అతను బ్రిటన్ పౌరుడు కాడు. అయినా, మరణశిక్ష పడితే ఏళ్ల తరబడి చావు కోసం ఎదురుచూస్తూ జైలుగదిలో గడపాల్సిన స్థితి అమానుషమనీ, ఆ ప్రమాదం ఉన్నంతకాలం పంపకూడదనీ కోర్టు చెప్పింది. మరణశిక్ష కోరబోమని వర్జీనియా మాటిచ్చాకే బ్రిటన్ అతన్ని పంపింది. అక్కడ అతను దోషిగా తేలాడు. అతనికి ఏ గతి పట్టబోతోందని కోర్టు అడిగింది. అతను ఏ దేశంవాడని అడగలేదు. బెయిలిస్‌కు కావలసిన రక్షణ ఇదే. ఆ రక్షణకు పౌరసత్వం అక్కర్లేదు, మనిషైతే చాలు.

రెండు పాస్‌పోర్టులున్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. ఒకే దేశంలో పుట్టి పెరిగి చచ్చేవాడికి పౌరసత్వం నిజంగానే కన్నతల్లి లాంటిది. రెండు దేశాలవాడికి అది అవసరానికి తీసుకునే గొడుగుగా మారే ప్రమాదం ఉంది. ఇజ్రాయెల్‌కే ఆ సంగతి తెలియకపోలేదు. ఏ యూదుడైనా వచ్చి స్థిరపడవచ్చన్న 1950 నాటి చట్టానికి 1954లోనే ఒక షరతు చేర్చింది. నేరచరిత్ర ఉండి, ప్రజల క్షేమానికి ముప్పు కాగలవాణ్ని కాదనవచ్చు. ఆ షరతు కిందే 1972లో అమెరికా మాఫియా నాయకుడు మేయర్ లాన్‌స్కీకి తలుపు మూసింది. వచ్చి అడిగేవాణ్ని పరీక్షించిన దేశం, తండ్రి నుంచి సంక్రమించిన పౌరసత్వాన్ని పరీక్షించలేకపోయింది.

బ్రెజిల్ ఇంకో కొసకు వెళ్లింది. అక్కడ పుట్టి, అమెరికా పౌరసత్వం తీసుకున్న ఒక మహిళ 2007లో ఒహాయోలో భర్త హత్య తర్వాత బ్రెజిల్‌కు వెళ్లిపోయింది. పుట్టుకతో వచ్చిన పౌరసత్వం తనను కాపాడుతుందనుకుంది. ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్న రోజునే మొదటిది పోయిందని ప్రభుత్వం తేల్చింది. 2016లో ఆ దేశ సుప్రీంకోర్టు అది సరైనదేనంది. 2018 జనవరిలో ఆమెను అమెరికా పంపారు, మరుసటి ఏడాది జీవిత ఖైదు పడింది. హతుడి కుటుంబానికి న్యాయం దక్కింది. కానీ దానికి దారి, ఒక మనిషిని ముందు తన దేశానికి పరాయిని చేయడం. ఇది కూడా సుఖమైన సంగతి కాదు. పౌరుల్ని పంపకూడదన్న నియమాన్ని ముట్టుకోకుండా, పౌరురాలే కాదు పొమ్మన్నారు. తమ పౌరసత్వమూ ఇలాగే పోతుందన్న భయం లక్షల మంది ప్రవాసుల్ని తాకింది. 2023లో బ్రెజిల్ రాజ్యాంగం సవరించి, వేరే పౌరసత్వం తీసుకున్నంత మాత్రాన పాతది పోదని తేల్చేసింది.

మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. అమెరికా పౌరుడైన తెలుగువాడి దగ్గర ఓసీఐ కార్డు ఉన్నా, చట్టం దృష్టిలో అతను భారత పౌరుడు కాడు. పైగా అమెరికాతో 1997లో కుదిరిన ఒప్పందం ప్రకారం, సొంత పౌరుడన్న కారణంతో ఏ దేశమూ అప్పగింతను కాదనకూడదు. డాలస్‌లో నేరం చేసి హైదరాబాద్ విమానం ఎక్కినవాణ్ని, ఆధారాలు నిలబడితే, పంపవచ్చు. యూఏఈతో 1999లో కుదిరిన ఒప్పందం అలా కాదు. అక్కడ ఎవరి పౌరుల్ని వాళ్లు పంపరు, సొంత కోర్టులో విచారించాలి.

ఒప్పందంలో పౌరసత్వం అడ్డం కానంత మాత్రాన మనిషి చేతికి వస్తాడని కాదు. భోపాల్ అందుకు సాక్ష్యం. 1984 డిసెంబరులో అరెస్టయి, బెయిలు మీద వెళ్లిపోయిన యూనియన్ కార్బైడ్ అధిపతి వారెన్ ఆండర్సన్‌ను అప్పగించమని 2003లో భారత్ అడిగింది. కోరిన తీరు ఒప్పందం షరతులకు సరిపోలేదని 2004లో అమెరికా తిప్పికొట్టింది. 2014లో అతను అమెరికాలోనే చనిపోయాడు. మేరీల్యాండ్ కుటుంబం ఎందుకు రగిలిపోయిందో భోపాల్ గ్యాస్ బాధితులకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఈ శతాబ్దంలో అందరికీ తెలిసిన ఉదాహరణ కార్లోస్ ఘోస్న్. నిస్సాన్ కంపెనీ అధిపతిగా ఉండగా 2018లో ఆర్థిక నేరాల ఆరోపణల మీద జపాన్‌లో అరెస్టయ్యాడు. 2019 డిసెంబరు చివర్లో బెయిలు మీద ఉండగానే పెద్ద పెట్టెలో దాక్కుని, ప్రైవేటు విమానంలో దేశం దాటాడు. అతనికి బ్రెజిల్, ఫ్రాన్స్, లెబనాన్ మూడు దేశాల పౌరసత్వం ఉంది. దిగింది బీరుట్‌లో. లెబనాన్ తన పౌరుల్ని పంపదు. కేసు కోర్టుకెక్కితే 99 శాతానికి పైగా శిక్ష పడే జపాన్ పద్ధతి మీద అతను చేసిన ఫిర్యాదులో పస లేకపోలేదు. కానీ అతన్ని పెట్టెలో దాటించిన తండ్రీకొడుకులు అమెరికా పౌరులు. అమెరికా వాళ్లను 2021లో జపాన్‌కు అప్పగించింది. తండ్రికి రెండేళ్లు, కొడుకుకు ఏడాది ఎనిమిది నెలల జైలు పడింది. సాయపడినవాళ్లు శిక్ష అనుభవించారు. అసలు నిందితుడు ఏ తీర్పునూ ఎదుర్కోకుండా బీరుట్‌లో ఉండిపోయాడు. ఆ తేడాకు వాళ్ల వాళ్ల పాస్‌పోర్టులు తప్ప వేరే కారణం కనబడదు. అమెరికాకు ఇది కొత్తా కాదు. 1910లో ఇటలీలోని కోమో సరస్సు దగ్గర భార్యను చంపిన పోర్టర్ చార్ల్‌టన్ కేసులో, ఇటలీ తన పౌరుల్ని పంపదు గదా, మేమెందుకు పంపాలన్న వాదనను 1913లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసి, అతన్ని ఇటలీకి పంపించింది.

షైన్‌బైన్ కేసు తర్వాత ఇజ్రాయెల్ తన చట్టాన్ని మార్చుకుంది. 1999లో మొదలైన సవరణల ఫలితంగా, నేరం చేసే నాటికి ఆ దేశంలో నివసించని పౌరుడికి పాత రక్షణ లేదు. నిజంగా అక్కడ నివసించే పౌరుణ్ని విచారణ కోసం పంపవచ్చు. ఒకటే షరతు, శిక్ష పడితే దాన్ని స్వదేశంలో అనుభవించడానికి అతన్ని తిప్పి పంపాలి. ఆ షరతు మీదే, ఇజ్రాయెల్‌లో పేరుమోసిన నేర ముఠా నాయకుడు జీవ్ రోసెన్‌స్టైన్‌ను మాదకద్రవ్యాల కేసులో 2006 మార్చిలో ఫ్లోరిడాకు పంపారు. అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. 12 ఏళ్ల శిక్ష పడింది. దాన్ని అనుభవించడానికి తిరిగి ఇజ్రాయెల్ జైలుకు తెచ్చారు.

ఈ ఏర్పాటులోనూ లోపాలున్నాయి. శిక్ష తగ్గింపు, పెరోల్ ఏ దేశపు లెక్కన జరగాలన్న పేచీ ప్రతి కేసులోనూ వస్తుంది. తిప్పి పంపుతానన్న దేశం మాట మీద నిలబడకపోతే చేయగలిగేది తక్కువ. అయినా సాక్షులు ఉన్న చోట విచారణ జరుగుతుంది, బాధితుల కుటుంబం తన భాషలో వినగలుగుతుంది, ఖైదీ తన తల్లి వచ్చి చూడగలిగే జైల్లో ఉంటాడు. జర్మనీ తన పొరుగు దేశాల విషయంలో అప్పగింతకు ఒప్పుకుంది. లెబనాన్, బ్రెజిల్ ఇంకా పాత మాట మీదే ఉన్నాయి. ఆ మాట అలాగే ఉండాలంటే తమ పౌరుల మీద బయటి నుంచి వచ్చే ప్రతి కేసునూ తమ కోర్టుల్లో పూర్తిగా, బాధితుల్ని పిలిపించి వింటూ, తమ ఖర్చుతో నడిపించవలసిన బాధ్యత వాళ్ల మీదే ఉంది.